కొసరు నిద్ర

బరంపురంలో పప్పుల హోల్‌సేల్ వ్యాపారి భీమేశ్వరరావు రోజూ ఉదయం ఆరుంపావుకి లేచి, దేవుడి పటం కంటే ముందు ఫోన్ చూసేవాడు. అందులో ఆయన కోడలు నాగశ్రీ ఉండేది. మనిషి కాదు, అంకెలు. రాత్రి ఎన్ని గంటలు పడుకుంది, గుండె నిమిషానికి ఎన్నిసార్లు కొట్టుకుంటోంది, నిన్న ఎన్ని అడుగులు వేసింది, ఈ క్షణం ఎక్కడ ఉంది. ఈ సమాచారమంతా ఆమె ఎడమ చేతికున్న స్మార్ట్ వాచీ పంపేది. పెళ్లయిన రెండో నెలలో ఆయనే కొని తొడిగించాడు. కోడలి ఆరోగ్యం కోసమని బంధువులకు చెప్పాడు. బంధువులు మెచ్చుకున్నారు. బంధువులు మెచ్చుకోనిది ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

వేసవిలో ఆమెకు మూడు రోజులు జ్వరం వచ్చింది. ఆ మూడు రోజులూ ఆయన ఫోన్ చూసి, "అడుగులు తగ్గినాయి, మంచిదే" అన్నాడు.

భీమేశ్వరరావు గురించి బజారుకంతటికీ తెలిసిన సంగతి ఒకటుంది. ఆయన కొసరు లేకుండా ఏదీ కొనడు, కొసరు వేసి ఏదీ అమ్మడు. కూరల దుకాణంలో కొత్తిమీర కట్ట, బట్టల కొట్లో చేతిరుమాలు, గుడిలో రెండో గరిటె ప్రసాదం. తన కొట్లో మాత్రం త్రాసు ముల్లు మధ్యలో నిలిచాక ఒక్క కందిపప్పు బద్ద ఎక్కువ పడినా వేళ్లతో ఏరి తీసేవాడు. ఇది తాతల నాటి పద్ధతి అని గర్వంగా చెప్పుకునేవాడు. ఆయన తాతను చూసినవాళ్లు ఎవరూ బతికి లేరు కాబట్టి కాదనేవారు లేరు.

నాగశ్రీ ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చదివింది. పెళ్లయిన వారానికే ఆమె అసలు సర్టిఫికెట్లు "భద్రంగా ఉంటాయి" అని ఆయన ఇనప్పెట్టెలోకి వెళ్లాయి. పెట్టె తాళంచెవి ఆయన మొలతాడుకు ఉంటుంది. ఉద్యోగం మాట ఆమె ఒకేసారి ఎత్తింది. "మనింటి కోడలు ఊళ్లోవాళ్ల నెత్తురు తియ్యడమేటి?" అన్నాడాయన. ఆమె భర్త శివరామ్ అప్పుడు పక్కనే బఠానీలు తూస్తున్నాడు. ఆ రోజు బఠానీలను చాలా శ్రద్ధగా తూచాడు.

నవంబరు మొదటి సోమవారం వాచీకి కొత్త సాఫ్ట్‌వేర్ వచ్చింది. అంతకుముందు ఒకసారి చార్జింగ్ పెడితే నాలుగు రోజులు నడిచేది. ఆ సోమవారం నుంచి ఉదయం ఏడింటికి నూరు శాతం ఉన్నది పదకొండూ పదికి చచ్చిపోయేది. చార్జరు మీద పెడితే సాయంత్రం దాకా గోడ దగ్గరే పడి ఉండేది. అక్కడ ఉన్నంతసేపూ నాగశ్రీ ఇంట్లోనే ఉన్నట్టు చూపేది, కానీ గోడకు గుండె ఉండదు కాబట్టి ఆయనకు తృప్తి ఉండేది కాదు. కొట్లోంచి ఇంటికి ఫోన్ చేసేవాడు. భార్య సత్యవతి ఎత్తేది. కోడలు పూజ గదిలో ఉందనో, డాబా మీద ధనియాలు ఎండబెడుతోందనో చెప్పేది.

ధనియాలు ఎండిన రోజున నాగశ్రీ, బస్సులో రెండు గంటల దూరంలో ఉన్న కొడల ఊరి ఆస్పత్రిలో ఇంటర్వ్యూకి కూర్చుంది. జిరాక్సు కాగితాలు చాలన్నారు. పది రోజుల తర్వాత ఉత్తర్వు వచ్చింది. మూడో వారం శనివారం సాయంత్రం అయిదింటిలోపు అసలు సర్టిఫికెట్లతో వచ్చి చేరాలి, లేకపోతే ఆ ఉద్యోగం జాబితాలో తర్వాతి మనిషికి పోతుంది. తాను ఎక్కడికి వెళ్లిందో నాగశ్రీ అత్తగారికి చెప్పలేదు. ఎందుకు అబద్ధమాడిందో అత్తగారూ కోడలికి చెప్పలేదు. ఆ ఇంట్లో ఆడవాళ్లు అలాగే మాట్లాడుకునేవారు.

ఈలోగా భీమేశ్వరరావు పాత బస్టాండ్ దగ్గర అమిత్ దుకాణానికి నాలుగుసార్లు వెళ్లాడు. అమిత్ సోనేపూర్ జాలరి కుటుంబంలో పుట్టి, బరంపురంలో ఫోన్లు బాగుచేస్తూ స్థిరపడినవాడు. మొదటిసారి వాచీని ఆపి మళ్లీ వెలిగించాడు. రెండోసారి వెలుతురు తగ్గించి, ఎప్పుడూ వెలిగే తెరను ఆపాడు, అక్కర్లేని యాప్‌లు తీసేశాడు. మూడోసారి ఫోన్‌తో సంబంధం తెంపి, అంతా తుడిచి, కొత్తదానిలా మళ్లీ కలిపాడు. ప్రతిసారీ ఇరవై నిమిషాల ఆయుష్షు పెరిగింది. ప్రతిసారీ భీమేశ్వరరావు కొసరుగా తెరకు అతికించే ప్లాస్టిక్ కాగితం ఒకటి పట్టుకుపోయాడు. నాలుగోసారి, శుక్రవారం మధ్యాహ్నం, అమిత్ వాచీని బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నాడు. పెద్ద వయసు గిరాకీలందరినీ అతను ఒడియాలో మౌసా, అంటే బాబాయ్, అని పిలుస్తాడు.

"మౌసా, కొత్త సాఫ్ట్‌వేర్ పడ్డాక ఇది నిద్దరోవడం మానేసింది. మనం సూడనప్పుడు పడుకుంటేనే వాచీ నిలబడతాది. మీరు నిమిసానికోసారి ఎక్కడున్నావు, ఎక్కడున్నావు అని లేపుతున్నారు."

ఎక్కడుందో చెప్పడం, గుండె లెక్కపెట్టడం, ఈ రెండూ ఆపేస్తే మళ్లీ మూడు రోజులు వస్తుందన్నాడు.

"అవి ఆపేత్తే ఇంకేటుంటాది, టైమా? టైము గోడ మీద ఉంది," అన్నాడు భీమేశ్వరరావు. "పని సేసేదానికి నిద్దరేటి?"

అమిత్ వాచీని ఆయన వైపు జరిపాడు. తర్వాత, అయితే సోనేపూర్ తీసుకెళ్లి అప్పలనర్సమ్మ ఒళ్లో పెట్టించమన్నాడు.

ఆ మాట భీమేశ్వరరావుకు ముందే తట్టాల్సింది. అప్పలనర్సమ్మ ఒళ్లో పెట్టినది ఏదైనా నిద్రపోతుందని గంజాం తీరంలో తెలియనివాళ్లు లేరు. ఏడుపు మానని పసిపిల్లల్ని తెస్తారు. పన్నునొప్పి దవడల్ని తెస్తారు. ఊరికే దడదడలాడే పడవ ఇంజన్ను నలుగురు మోసుకొచ్చి పెడతారు. గుడిసెలు పీకించడానికి వచ్చిన ఒక అధికారి ఎండకు తూలి ఆ ఒళ్లో తల ఆన్చి, సాయంత్రం లేచి, ఏ పని మీద వచ్చాడో మరిచిపోయి వెళ్లిపోయాడు. ఆమె డబ్బు పుచ్చుకోదు. చుట్టలు పుచ్చుకుంటుంది. నిద్రకు కొలత కూడా చుట్టే. పసిపిల్లకు పావు చుట్ట, పెద్దవాళ్లకు సగం, ఇంజనుకు నిండు చుట్ట కాలేంతసేపు.

మర్నాడే ఉత్తర్వులోని ఆ శనివారం. ఉదయం ఎనిమిదింటికే భీమేశ్వరరావు ఆటో పిలిచాడు. వాచీ చార్జరు మీద లేకుండా చేతినుంచి దిగితే ఆయన ఫోన్‌లో గంట మోగుతుంది, అమిత్ దుకాణానికి తీసుకెళ్లిన ప్రతిసారీ మోగింది, ఆ గంట ఆయనకు పడదు. అందుకని కోడల్ని కూడా ఎక్కించాడు. నాగశ్రీ చేతిసంచిలో ఉత్తర్వు కాగితం మడిచి ఉంది. సర్టిఫికెట్లు లేకుండా దానికి విలువ లేదు. ఎందుకు వెంట తెచ్చుకుందంటే ఆమె కూడా చెప్పలేకపోయేది.

అప్పలనర్సమ్మ ఒడ్డున నెత్తళ్లు ఎండబెట్టి, వాటి మధ్య కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని అడ్డపొగ పీలుస్తోంది. ఒళ్లో దేముడు అనే జాలరి పెంచుకునే కోడిపుంజు నిద్రపోతోంది. రోజంతా వేళాపాళా లేకుండా కూస్తోందట. దేముడు వచ్చి దాన్ని చేతిసంచిలా చంకలో పెట్టుకుని వెళ్లిపోయాడు. ఖాళీ అయిన ఒళ్లో నాగశ్రీ వాచీ విప్పి పెట్టింది. భీమేశ్వరరావు జేబులో గంట మోగింది, ఆయన చిరాకుపడ్డాడు.

అప్పలనర్సమ్మ వాచీని చెవి దగ్గర పెట్టుకుని విని, చాలా బెదిరిపోయి ఉందని, పావు చుట్ట సరిపోతుందని చెప్పింది.

"ఇంత దూరం వొచ్చి పావేటి? కొసరెయ్యి," అన్నాడాయన.

"బియ్యానికి కొసరుంటాది గానీ నిద్దరకి కొసరేటి బాబూ? ఎక్కువైతే దాని కాడ ఆగదు. తొడుక్కున్నోల్లకి పాకుతాది."

తన తాతల కాలం నుంచి కొసరు లేకుండా ఏ సరుకూ తమ ఇంటి గడప దాటి లోపలికి రాలేదని భీమేశ్వరరావు ఆమెకు వివరించాడు. సముద్రం ఒడ్డున ఎండుచేపల మధ్య నిలబడి, ఒక ముసలిదానికి తన వంశ గౌరవం చెప్పుకుంటున్నానని ఆయనకు తోచలేదు. ఆమె విని, ఆయన్ను వదిలేసి నాగశ్రీ వైపు తిరిగింది.

"సెయ్యి నీది గదా తల్లీ. నువ్వేటంతావు?"

నాగశ్రీ ఖాళీ అయిన మణికట్టును రుద్దుకుంది. మామగారిని చూసింది. ఆయన పప్పు కొంటే ముందు తాను కొరికి చూస్తాడు. బెల్లం కొంటే తాను నాకి చూస్తాడు. తన మంచానికి నవారు కూడా తాను పడుకుని చూశాకే బేరం చేశాడు.

"మావయ్యగారి మాట కాదనే అలవాటు మా ఇంట్లో లేదు మామ్మా," అంది. "కొసరు నిండుగా వెయ్యి."

కోడలు వచ్చాక ఆయన ఆమెను మెచ్చుకోలుగా చూడటం అదే మొదలు. అప్పలనర్సమ్మ మాత్రం ఆమెను కాస్త ఎక్కువసేపే చూసింది. మొదటి చుట్ట పూర్తిగా కాలేదాకా ఆగి, దాని నిప్పుతోనే రెండోది ముట్టించింది.

రెండో చుట్ట అయ్యేసరికి పది దాటింది. వాచీ తెర మీద నూరు శాతం అని ఉంది. ఆటో ఎక్కాక నాగశ్రీ ఎడమ చెయ్యి చాపింది. ఆయన ఇవ్వలేదు.

"నేను సూడకుండా సరుకు లోపలికి రాదు. రేపటి దాకా నా కాడుంటాది," అని, ఆ గులాబీరంగు పట్టీని చివరి రంధ్రం దాకా లాగి తన మణికట్టుకే బిగించుకున్నాడు.

మొదటి మైలురాయి దగ్గర నూరు శాతం. రెండో మైలురాయి దగ్గరా నూరు. ఆయన నవ్వుతూ ఫోన్ కోడలికి చూపించాడు. మూడోది వచ్చేసరికి తల ఆటో కమ్మీకి ఆనింది, నోరు తెరుచుకుంది. డ్రైవరు ఒకసారి వెనక్కి చూసి, సోనేపూర్ నుంచే కదా అని అడిగి, గుంతలు తప్పించి నెమ్మదిగా తోలాడు.

ఇంటి దగ్గర శివరామ్, డ్రైవరు చెరో వైపు పట్టుకుని ఆయన్ను మోసుకొచ్చి వరండాలో పడక కుర్చీలో పెట్టారు. సత్యవతి వచ్చి చూసింది. భర్త మొహం, చేతికున్న గులాబీ పట్టీ, గోడ గడియారం. పదకొండూ అయిదు. నాగశ్రీ సంచిలోంచి ఉత్తర్వు తీసి అత్తగారికి ఇచ్చింది. సత్యవతి దాన్ని కూడబలుక్కుంటూ కాదు, గబగబా చదివింది.

తర్వాత వంగి భర్త మొలతాడు నుంచి తాళంచెవి విప్పింది. ముప్పై నాలుగేళ్లుగా ఆ తాళంచెవి చప్పుడును బట్టే ఆయన ఏ గదిలో ఉన్నాడో తెలుసుకుని, తాను వేరే గదిలో ఉంటూ వచ్చింది. ఇనప్పెట్టెలో కోడలి సర్టిఫికెట్లు పైనే ఉన్నాయి. వాటి అడుగున పసుపెక్కిన కవరులో ఆమె సొంత పదో తరగతి సర్టిఫికెట్ ఉంది. మొదటివి కోడలికి ఇచ్చింది. రెండోది మడిచి బొడ్లో దోపుకుంది.

"కొడల బస్సు పన్నెండుంపావుకి. రెండు ముద్దలు తిని ఎల్లు," అంది.

నాన్న లేస్తే ఏం చెప్పాలని శివరామ్ అడిగాడు.

"లేత్తే 'అవును నాన్నా' అను. నీకు అలవాటే," అంది సత్యవతి.

నాగశ్రీ రెండున్నరకు కొడలలో దిగింది. గుమాస్తా ఒక్కో కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూశాడు. మూడూ నలభైకి ఆమె రిజిస్టరులో సంతకం చేసింది. ఎడమ మణికట్టు మీద, వాచీ ఉండేచోట, తెల్లటి గుండ్రటి మచ్చ ఉంది. దాని గురించి ఎవరూ అడగలేదు.

ఆదివారం భీమేశ్వరరావు లేవలేదు. సోమవారమూ లేవలేదు. వాచీ విప్పుదామా అని శివరామ్ అంటే, పట్టీ బిగుసుకుపోయిందని సత్యవతి చెప్పింది. పూటపూటా జావ గరిటెతో పోసేది, ఆయన నిద్రలోనే మింగేవాడు. రెండో గరిటె పోసేది కాదు. చూడటానికి వచ్చిన బంధువులు మనిషి తేటపడ్డాడని మెచ్చుకున్నారు. కొట్లో శివరామ్ ఒక్కడే కూర్చుంటున్నాడు. నాలుగో రోజు ఒక ముసలామెకు పెసరపప్పు తూచి, ముల్లు నిలిచాక మరో పిడికెడు పోశాడు. పోసి, తండ్రి కుర్చీ వైపు చూశాడు. అది ఖాళీగా ఉంది. మర్నాటి నుంచి అందరికీ పోశాడు.

తొమ్మిదో రోజు ఉదయం ఆరుంపావుకి భీమేశ్వరరావు సగం కళ్లు తెరిచి చెయ్యి చాపాడు. సత్యవతి ఫోన్ ఆ చేతిలో పెట్టింది. వీధి గుమ్మంలో నాగశ్రీ చెప్పులు వేసుకుని మొదటి బస్సుకు బయల్దేరుతోంది. తలుపు చప్పుడైంది. ఆయన అటు చూడలేదు, తెర చూశాడు.

నాగశ్రీ. ఇంట్లోనే ఉంది. నిద్రలో ఉంది. గుండె వేగం యాభై నాలుగు. అడుగులు సున్నా. బ్యాటరీ నూరు శాతం.

కిందికి జరిపి చూశాడు. తొమ్మిది రోజులుగా అదే.

"ఇప్పుడు బాగుపడింది," అన్నాడు భీమేశ్వరరావు తృప్తిగా, మళ్లీ కళ్లు మూసుకుంటూ.

"అవును నాన్నా," అన్నాడు శివరామ్.