ఆరు ముక్కల వృత్తం

ఆ పిల్ల గీసిన వృత్తం తప్పు కాదు. ముందే చెబుతున్నాను, ఎందుకంటే చెప్పాల్సిన రోజున నేను నోరు మెదపలేదు.

ఎనిమిదో తరగతి లెక్కల పరీక్ష. జామెట్రీ బాక్సు లేనివాళ్లు వరండాలో కూర్చోవాలన్నది పెద్దసారు పెట్టిన నియమం. వరండాలో పదకొండుమంది ఆడపిల్లలు, అందరూ కుట్టు షెడ్డులో పనిచేసే ఆడవాళ్ల బిడ్డలే. వాళ్లకు జామెట్రీ ప్రశ్నలు ఇవ్వరు. ఇవ్వని ప్రశ్నలకు మార్కులు మాత్రం కోస్తారు. తప్పినవాళ్లను చేతిపని తరగతికి తోస్తారు, అక్కడి నుంచి షెడ్డుకు నాలుగడుగులు. షెడ్డు యజమానే బడి కమిటీ పెద్ద కూడా. "లెక్కలు అందరికీ అబ్బవు మాస్టారూ, అది రక్తంలో ఉండాలి" అనేవాడు. నేను ఏడాదికోసారి కమిటీ ఇచ్చే కాగితం చేతికొస్తే తప్ప కొనసాగని తాత్కాలిక పంతులుని. తలూపేవాణ్ణి.

వాళ్లమ్మతో పాటు షెడ్డులో గుడ్డ మీద గీతలు గీసీ గీసీ వేళ్లు ఎప్పుడూ తెల్లగా ఉండే పిల్ల ఒకతి ఆ పదకొండుమందిలో ఉంది. సుద్దముక్క అని పిలిచేవాళ్లం. కిటికీలోంచి లోపలి బోర్డు చూసింది. వృత్తం గీసి ఆరు సమాన భాగాలు చేయమని ప్రశ్న. ఆ పిల్ల గౌను అంచు నుంచి దారం లాగింది. ఒక కొసను గోటితో కాగితానికి నొక్కిపెట్టి, రెండో కొసకు పెన్సిలు కట్టి తిప్పింది. అదే దారంతో వృత్తం అంచు మీద ఆరుసార్లు కొలిచింది. ఆరోసారికి సరిగ్గా మొదలుపెట్టిన చోటికే వచ్చింది. ఆరు ముక్కల పావడాకు వాళ్లమ్మ గుడ్డ గీసేది అలాగే.

పెద్దసారు నా ఎదుటే ఆ కాగితం లాక్కున్నాడు.

"ఇది లెక్కా, కుట్టుపనా?"

ఎర్రసిరాతో సున్నా చుట్టాడు. ఆ సున్నా వంకరగా వచ్చింది. సుద్దముక్క దాని వంకే చూస్తూ నిలబడింది.

మర్నాటి నుంచి ఆ పిల్ల పక్కన ఎవరూ కూర్చోలేదు. "నీ వల్ల మాకూ తిట్లు" అన్నారు తోటిపిల్లలు. కుళాయి దగ్గర ఒక్కతే అన్నం తినేది, ఒక్కతే గిన్నె కడుక్కునేది. స్టాఫ్ రూములో నేనూ ఒంటరిగానే తినేవాణ్ణి. నా ఒంటరితనం నేను కొనితెచ్చుకున్నది. ఆ పిల్లది మేమంతా కలిసి అంటగట్టింది. నాలుగో రోజు అన్నం డబ్బా మూసేశాను. జవాబు కాగితాల కట్టలోంచి ఆ కాగితం తీసుకుని షెడ్డుకు వెళ్లాను.

"ఇది తప్పా మాస్టారూ?" అడిగింది వాళ్లమ్మ.

"తప్పు కాదమ్మా."

"మరి అప్పుడే చెప్పలేదేం?"

కత్తెర పక్కన పెట్టి, అందరూ పెద్దమ్మ అని పిలిచే ముసలామె కల్పించుకుంది.

"పోనీవే. పెద్దోళ్లతో పెట్టుకుంటే నోటి దగ్గర కూడు పోతుంది. నీ ఒక్కదాని బిడ్డ కోసం అందరం రోడ్డున పడాలా?"

"నా బిడ్డ ఒక్కతేనా? నీ మనవరాలు కూర్చున్నదీ ఆ వరండాలోనేగా. మనమంతా లెక్కల్లో తప్పి ఇక్కడికొచ్చినవాళ్లమే. మరి రోజూ ఈ బల్ల మీద చేస్తున్నదేంటి?"

వెనక నుంచి ఎవరో నవ్వారు. "తప్పులు చేస్తున్నాం! పెద్దసారు తేల్చాడుగా."

ఆ నవ్వు బల్ల బల్లకూ పాకింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. కాగితం కళ్లకు దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది.

మర్నాడు పొద్దున్నే గీత గీసేవాళ్లూ కత్తిరించేవాళ్లూ అందరూ దారం, సుద్ద బల్ల మీద పెట్టి చేతులు కట్టుకున్నారు. యజమాని పరుగున వచ్చాడు.

"ఏం వచ్చింది మీకు?"

"గుండ్రం గీయడం రాదండీ మాకు" అంది పెద్దమ్మ. "దారంతో గీస్తే తప్పని మీ బళ్లోనే తేల్చారు. బాక్సులు ఇప్పించండి. ఇంతింత పెద్దవి." రెండు చేతులూ బార్లా చాపి చూపించింది.

రెండు రోజులు షెడ్డులో ఒక్క పావడా తెగలేదు. మూడో రోజు యజమాని దిగొచ్చాడు, సగమే.

"నీ కూతుర్ని ఒక్కదాన్నే లోపల కూర్చోబెట్టి మళ్లీ పరీక్ష పెడతాం. సరేనా?" అన్నాడు తల్లితో.

"పదకొండుమందినీ."

మధ్యాహ్నం పోలీసు జీపు వచ్చింది. పని ఆపించిందని వాళ్లమ్మను ఎక్కించుకుని, బడికి ఎదురుగానే ఉన్న స్టేషనుకు తీసుకెళ్లారు.

గొడవ తీరిపోయిందని చూపించడానికి మర్నాడే సుద్దముక్కను లోపల మొదటి బల్ల మీద కూర్చోబెట్టారు, మిగతా పదిమంది వరండాలోనే. ఎదురుగా తళతళలాడే కొత్త బాక్సు. కాపలా నేను, పక్కన పెద్దసారు. ఆ గదిలో ఆ పిల్లకు తనవాళ్లంటూ ఒక్కరూ లేరు. కిటికీలోంచి స్టేషను గోడ కనిపిస్తోంది. చాలాసేపు దాన్నే చూసింది. కళ్లు తుడుచుకుంది. తర్వాత బాక్సు తెచ్చి నా బల్ల మీద పెట్టి, బయటికి నడిచి, వరండాలో తన చోట కూర్చుని గౌను అంచు నుంచి దారం లాగింది.

ముందుగా పెద్దమ్మ మనవరాలు జరిగి ఆ పిల్లను ఆనుకుని కూర్చుంది, తన గౌను అంచు కొరికి దారం తెంపింది. ఆ తర్వాత మిగతావాళ్లు. నేను సుద్ద తీసుకుని వరండా గోడ మీద ప్రశ్న రాశాను. పదకొండు దారాలు తిరిగాయి.

"ఇది సరైన పద్ధతని ఎవడు చెప్పాడు?" అరిచాడు పెద్దసారు.

"నేను" అన్నాను. మెల్లగానే అన్నాను.

ప్రహరీ అవతల షెడ్డు మొత్తం నిలబడి ఉంది. వాళ్ల ముందు నుంచి పెద్దమ్మ కేకేసింది.

"గట్టిగా చెప్పు మాస్టారూ! స్టేషన్లో ఉన్న దీని తల్లికి వినపడాలి."