ఊడిరాని గాజులు

కాఫీ గిన్నె తోముతుంటే కూడా కుముదకు నవ్వొచ్చింది. చేతులనిండా సబ్బు నురగ, నురగలోంచి తొంగిచూసే ఆకుపచ్చ గాజులు. పెళ్లయి మూడు నెలలు. నిన్న సాయంత్రం రామనాథ్ మైన్స్ ఆఫీసు నుంచి వస్తూ గాజుల మునివెంకటమ్మను వెంట పిలుచుకొచ్చాడు. కుముద ఎప్పటిలాగే వదులువి అడిగితే, "ఊహూ, చేతికి అతుక్కొని ఉంటేనే అందం" అని బిగువైనవి ఎక్కించమన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ఎర్రబడ్డ కణుపుల మీద అతను ఉఫ్ ఉఫ్ మని ఊదాడు. మొగుడింత ముచ్చటపడితే ఎవరు కాదంటారు?

బంగారు గనుల ఊరు కోరమండల్‌లో, వృత్తివిద్యా కాలేజీలో కుముద ఇనుము చెక్కే లేత్ పని నేర్పే టీచరు. తిరిగే మెషిన్ దగ్గరికి గాజులతో పోకూడదు. రోజూ వర్క్‌షాపు గుమ్మం దగ్గర వదులు గాజులు తీసి రుమాల్లో మూటకట్టుకునేది. ఆ బోడి చేతులు చూస్తే ప్రిన్సిపాల్ గుండూరావుకు ఒళ్లు మంట. "మొగుడుండాడా లేడా అమ్మా నీకు? ఇంత ఊర్లో ఒక్క ఫిట్టరు దొరకలేదని నిన్ను పంపినారు చూడు!" అనేవాడు స్టాఫ్‌రూములో అందరూ వినేట్టు. అందరూ నవ్వేవాళ్లు. కుముద కూడా నవ్వేసి, ఇంటికి పోయి రామనాథ్‌కు చెప్పుకునేది. అతను తల నిమిరేవాడు.

ఇవాళ గుమ్మం దగ్గర ఎంత లాగినా గాజులు రాలేదు. నూనె రాసింది. రాలేదు. వెనక గుండూరావు.

"గాజుల్తో లోపలికి పోకూడదని పిల్లోళ్లకు నువ్వే కదా చెప్పేది? ఇంగ కుట్టుపని క్లాసుకు పోమ్మా. లేత్ మన సుబ్బరాయప్ప చూసుకుంటాడు."

"ఆయన డ్రాయింగ్ మేష్టరు సార్! మెషిన్ ముట్టిందే లేదు."

"మగోడు కదా, నేర్చుకుంటాడు లే."

"రేపు వదులువి వేసుకొస్తాను సార్."

గుండూరావు గట్టిగా నవ్వాడు. "మీ ఆయన యాడ వేయనిస్తాడు? పోయిన వారం నా రూముకొచ్చి కూర్చున్నాడు. 'ఆ లేత్ పని మాన్పించాల సార్, నేను చెప్తే వినదు, మీరే ఏమన్నా చేయండి' అన్నాడు. 'ఊడిరాని గాజులు తొడిగించప్పా, మిగతాది నేను చూసుకుంటా' అన్నా. బుద్ధిమంతుడు, చెప్పింది చెప్పినట్టు చేసినాడు!"

కుముద కణుపులకేసి చూసుకుంది. ఆ ఊపిరి వెచ్చదనం ఇంకా అక్కడే ఉన్నట్టుంది. లోపల పిల్లలు లేత్ చుట్టూ నిలబడి చూస్తున్నారు.

గుమ్మం పక్క బల్ల మీది సుత్తి తీసుకుంది. ఎడమ చెయ్యి బల్లకు ఆనించి కొట్టింది. ఆకుపచ్చ ముక్కలు ఎగిరి గుండూరావు బూట్ల మీద పడ్డాయి. మణికట్టు మీద నెత్తురు చిమ్మింది.

"అయ్యయ్యో, శుక్రవారం పూట! మొగుడుండాడు కదమ్మా నీకు!"

"నిన్నటిదాకా ఉన్నాడు సార్," అని కుముద సుత్తి ఎడమ చేతికి మార్చుకుని, కుడి చెయ్యి బల్ల మీద పెట్టింది.