బావి దగ్గర చెట్టు బొండం

మా వైపు మనిషికి ఒంట్లో బాగాలేదంటే చాలు, చూడ్డానికి వచ్చే ప్రతివాడి చేతిలో కొబ్బరి బొండాలుంటాయి. ఎనభై తొమ్మిదిలో మా ఆయన జగ్గయ్యగారికి రెండు మూత్రపిండాలూ పాడయ్యాయని తెలిసేసరికి ముక్తేశ్వరం మొత్తం మా అరుగు మీద బొండాలు దించేసింది. ఆ నీళ్ళే ఆయన పాలిట విషమని, గుండె ఆగిపోతుందని కాకినాడ డాక్టరు చెప్పాడు. కొబ్బరి రైతుకి చెప్పాల్సిన మాటేనా అది! చెప్తే మాత్రం ఎవరు నమ్ముతారు?

మా ఆడపడుచు పెద్దింట్లమ్మ అసలు నమ్మలేదు. "బొండం చలవే రామలక్ష్మీ, ఆ డాక్టర్లకేం తెలుసు?" అని, నేను పెరట్లో ఉండగా తమ్ముడికి తాగించేసింది. ఆస్పత్రికి వెళ్తూ పంటు మీద గోదావరి దాటుతుంటే ఆయన గుండె పట్టుకుని కూలబడిపోయారు. ఎలాగో బతికారు. ఆవిడ ప్రేమకొద్దీ చేసిందే, అయినా నోటికొచ్చినట్టు తిట్టాను. ఆనాటినుంచీ గుమ్మంలో కూర్చుని, బొండంతో ఎవరొచ్చినా వచ్చిన దారినే పంపించేశాను. ఊళ్ళో గయ్యాళి అన్నారు. అననీ.

వారానికి రెండుసార్లు డయాలసిస్. రేవు, పంటు, బస్సు. అక్కడ చేతికి లావుపాటి సూదులు గుచ్చి, రక్తం మిషన్లోకి లాగి, కడిగి, మళ్ళీ ఎక్కిస్తారు. మర్నాడంతా తల ఎత్తలేరు. కాస్త తేరుకునేసరికి మళ్ళీ రేవు. తోటలో అడుగుపెట్టి ఎన్నాళ్ళయిందో. నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలి. నాలుక పిడచకట్టుకుపోయి, "ఒక్క గుక్కే" అని పసిపిల్లాడిలా అడుగుతుంటే ఇవ్వని పాపిష్టిదాన్ని నేనే.

ఓసారి ఆయన్ని మిషను దగ్గర పడుకోబెట్టాక డాక్టర్ని పక్కకి పిలిచాను.

"బాగవుతుందాండీ?"

"బాగవడం ఉండదమ్మా. ఇలా వస్తున్నంత కాలం ఉంటారు."

"మానేస్తేనండీ?"

"కొద్ది రోజులు," అన్నాడు.

ఆ మాట ఆయనకి చెప్పలేదు. ఆయనా నన్నడగలేదు.

ఆ వేసవిలో ఒక పొద్దున, కాకినాడ వెళ్ళాలని చొక్కా ఇస్తే, తొడుక్కోకుండా ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నారు.

"అప్పలరాజుని పిలువే. బావి దగ్గర చెట్టు బొండం దింపమను."

"మతిపోయిందా మీకు!"

"నాక్కాదే. నువ్వు తాగు. నేను చూస్తాను."

అది మా పెళ్ళయిన ఏడు ఆయన నాటిన చెట్టు. మా తోటలో దింపు తీసే అప్పలరాజు ఎక్కి, కోసి, చెక్కి నా చేతికిచ్చాడు. ఆయన ఎదురుగా కూర్చుని తాగాను.

"ఎలా ఉందే?"

"చప్పగా ఏడిసిందండీ. ఏం బాలేదు."

ఆయన నవ్వారు. ఎన్నాళ్ళకి నవ్వారు! "ఆ చెట్టు కాయ చప్పగా ఉండదే. నీకు అబద్ధం ఆడ్డం కూడా రాదు."

నవ్వి, చొక్కా మడతపెట్టి నా చేతికిచ్చారు. "నేనింక పంటెక్కను రామలక్ష్మీ. ఎక్కించకు."

"ఇన్నాళ్ళూ కుక్కలా కాపలా కాసింది ఇందుకాండీ?" అరిచేశాను.

"కాసేవు. ఎవరు కాదన్నారు? ఇంక చాల్లే, ఇక్కడే ఉండనీ నన్ను."

ఎంత బతిమాలానో, ఎంత తిట్టానో నాకే తెలీదు. ఆయన మాత్రం తోటవైపు చూస్తూ కూర్చున్నారు. ఈలోగా పంటు వెళ్ళిపోయే వేళ దాటిపోయింది. అప్పుడు లేచి, మొహం కడుక్కుని, అప్పలరాజుని కేకేశాను.

"ఇంకోటి దింపరా."

"అయ్యగారికి పడదన్నారు కదండీ అమ్మగారూ?"

"నేనే అన్నాను. దింపు."

"ఆయ్," అని వాడు తల దించుకుని చెట్టెక్కాడు.

బొండం నేనే ఆయన నోటికందించాను. కళ్ళు మూసుకుని తాగుతున్నారు. గడ్డం మీద కారినది కొంగుతో తుడిచాను. అలవాటుకొద్దీ, "ఇంక చాలండీ" అనబోయి నోరు మూసుకున్నాను. బొండం ఖాళీ అయ్యేదాకా పట్టుకునే ఉన్నాను.