వానపాముల తొట్టె

గోనెపట్టా ఎత్తగానే వచ్చిన కంపుకి నెరిడా ఒక అడుగు వెనక్కి వేసింది. పదకొండేళ్ళుగా నిమ్మచెట్టు కింద పడున్న పాత స్నానాల తొట్టె అది. వేలకొద్దీ ఎర్ర వానపాములు అందులో వంటింటి చెత్త తిని నల్లటి ఎరువు చేస్తుండేవి. ఇప్పుడవి ఉడికి, ఒకదానికొకటి అతుక్కుని, బూడిదరంగు ముద్దగా పడున్నాయి. వాటి మీద జానెడు మందాన కోసి పోసిన పచ్చగడ్డి. పచ్చగడ్డి కుప్పపడితే లోపల పొయ్యిలా కాగుతుందని మిల్డ్యూరా ఊళ్ళో పెరడున్న ప్రతివాళ్ళకీ తెలుసు. అందులోనూ ఇక్కడ వేసవి మొదలయ్యే నవంబరు ఎండలు. నిన్న మధ్యాహ్నం డ్యూటీకి వెళ్తూ, కోసిన గడ్డి తొట్టెలో వెయ్యొద్దని మరీ మరీ చెప్పింది. నా వానపాముల సంగతి నాకే నేర్పుతావా అన్నాడు భర్త రస్సెల్.

నా వానపాములట. సైన్సు మాస్టారుగా రిటైరయ్యాక తోటల సంఘంలో ఆయన వానపాముల రస్సెల్ అయ్యాడు. తెర మీద బొమ్మలు వేసి ఉపన్యాసాలిస్తాడు గానీ, ఆ చేత్తో ఏనాడూ తొట్టెలో వేలు పెట్టి ఎరగడు. అరటి తొక్కలూ, కాఫీ పిప్పీ, చివికిన గుమ్మడి ముక్కలూ మిక్సీలో వేసి గుజ్జు చేసేది నెరిడా. ఎండలు ముదిరితే నీళ్ళసీసాలు గడ్డకట్టించి పట్టా కింద పెట్టేది నెరిడా. అడుగు నుంచి కారే గోధుమరంగు ఎరువునీళ్ళు వడకట్టి సీసాలకు పట్టేదీ ఆమే, ఆ సీసాల మీద అంటించిన ఫొటో మాత్రం రస్సెల్‌ది. ఓసారి సభలో ఎవరో అడిగితే, మా ఆవిడకి వాటితో మంచి స్నేహంలెండి అన్నాడు. అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది. ఆ నవ్వు గుర్తొస్తే ఇప్పటికీ తన మీద తనకే రోత.

ఇవాళ వాళ్ళ తోటని ఊరికి చూపించే రోజు. పదింటికి నలభై మంది వస్తారు. రస్సెల్ చొక్కా కొస ముక్కుకి అడ్డం పెట్టుకుని వచ్చి, తొంగిచూసి, వరండా దాకా వెనక్కి నడిచాడు. అక్కణ్ణుంచే పని పురమాయించాడు. ఆ ముద్దంతా గొయ్యి తీసి పాతెయ్యాలి, తొట్టె కడగాలి, నర్సరీకి వెళ్ళి పెట్టెడు కొత్త వానపాములు తెచ్చి పొయ్యాలి. ఎవరికీ తెలియదు.

వచ్చేవాళ్ళకి టీలోకి స్కోన్ రొట్టెలు చెయ్యడానికని వచ్చిన అత్తగారు బెరిల్ వంటింటి కిటికీలోంచి కొడుక్కి వంత పాడింది. "వాడు చిన్నప్పట్నించీ కుళ్ళు వాసనకి తట్టుకోలేడమ్మా. వృద్ధాశ్రమంలో రోజూ చేసే దానివి, నీకు అలవాటే కదా."

అలవాటే కదా. పిల్లల వాంతులు, బెరిల్ ఆపరేషనయ్యాక మార్చిన చీము కట్లు, రిటైరైన రోజు రస్సెల్ తాగొచ్చి పాడుచేసిన పరుపు, అన్నిటికీ ఇదే మాట. డ్యూటీలో ముసలివాళ్ళ గుడ్డలు మార్చి ఇంటికొస్తే, బ్రెడ్డు ముట్టుకునే ముందు చేతులు మరోసారి కడుక్కోమనేవాడు ఇదే మనిషి. ఈ ఇంట్లో అసహ్యపడే హక్కు వాళ్ళది, ఎత్తిపోసే పని తనది. మొదటిసారి వానపాముని పట్టుకున్నరోజు తనకి రెండు పూటలు అన్నం సయించలేదు. నీకెలా ఉందని ఒక్కరూ అడగలేదు. అడగరని తెలిసీ ఇన్నేళ్ళూ ముక్కు మూసుకోకుండా నిలబడింది. ఎదురుగా ఉన్న ముద్ద కన్నా ఆ నిలబడటమే ఎక్కువ కంపుకొట్టింది ఆమెకి.

చేతి తొడుగులు ఒక్కొక్కటీ విప్పి, వరండాలో రస్సెల్ ముందున్న బల్ల మీద పెట్టింది.

"నాకూ అసహ్యమే, రస్సెల్. మొదట్నించీ అసహ్యమే."

"ఇదా సమయం? జనం వచ్చే వేళకి?" అన్నాడు. బెరిల్ కిటికీలోంచి, బంగారం లాంటి పిల్లవి, ఇవాళ్టికి సర్దుకో, రేపు మాట్లాడుకుందాం అని బుజ్జగించింది. నెరిడా లోపలికి వెళ్ళి స్నానం చేసింది. చాలాసేపు చేసింది. శుభ్రమైన గౌను వేసుకుని, కప్పులో టీ పోసుకుని, బయట కుర్చీలో కూర్చుంది. బల్ల మీద తొడుగులు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయి. రస్సెల్ చేసిందల్లా గోనెపట్టా మళ్ళీ కప్పి, కంపు తెలియకుండా మీద ఇంత లావెండరు పూలు తుంచి పొయ్యడం.

పదయ్యేసరికి గేటు దగ్గర టోపీలు కనిపించాయి. అందరూ తిన్నగా నిమ్మచెట్టు కిందికే నడిచారు, వాళ్ళొచ్చింది దానికోసమే. ఇవాళ తొట్టె చూపించడం లేదని రస్సెల్ ఏదో నసుగుతుండగానే ముందున్న పెద్దావిడ పట్టా ఎత్తింది, గబుక్కున వెనక్కి జరిగి రుమాలు తీసుకుంది. పాపం, వీటిని చూసుకునేది ఎవరు అని ఆవిడ చుట్టూ చూసింది. వేడి కదండీ, మా ఆవిడ కాస్త ఏమరుపాటున, అని రస్సెల్ మొదలుపెట్టాడు.

నెరిడా కప్పు కింద పెట్టింది. గొంతు పెంచలేదు.

"పదకొండేళ్ళు పెంచింది నేనండి. నిన్న చంపింది ఆయన. ఎలాగో ఆయన్నే అడగండి, బాగా ఉపన్యాసమిస్తారు."