నెమ్మదిగా ఏడవమన్నాడు

సింఫనీ రెండో భాగం మైనర్ స్వరాల్లో, బాగా నెమ్మదిగా సాగే దుఃఖం. రిహార్సల్ మధ్యలో, ఆర్కెస్ట్రాని నడిపే అన్నయ్య కర్రతో స్టాండు మీద టకటకా కొట్టి అందరినీ ఆపేశాడు.

“ఇంకా నెమ్మదిగా వాయించవే. అమ్మ పోయిన రోజు గుర్తు తెచ్చుకో,” అన్నాడు, వయొలిన్ పట్టుకుని ముందు కుర్చీలో కూర్చున్న చెల్లెలితో.

ఆమెకి ఒళ్లు మండిపోయింది. ఆ రోజు ఈ మహానుభావుడు కచేరీ వదిలి రాలేదు. అంతా అయిపోయాక తీరిగ్గా వచ్చాడు.

“ఆ రోజు ఏదీ నెమ్మదిగా జరగలేదు అన్నయ్యా. ఆసుపత్రి మెట్ల మీద పరుగు, మందులకి పరుగు. పరిగెడుతూనే నీకు ఫోన్ మీద ఫోన్ చేశాను. నువ్వు ఎత్తితేగా!”

కమాను ఎత్తి, అవే స్వరాల్ని తరిమినట్టు వాయించింది. వెనకవాళ్లు ఒక్కొక్కరే ఆ వేగాన్ని అందుకున్నారు.

ఆ రోజులాగే, అన్నయ్య అందుకోలేకపోయాడు.