మధ్యాహ్నపు ఊపిరి

మిట్టమధ్యాహ్నం ఎండలో వేరుశనగ చేను గాలిని లోపలికి పీల్చుకోవడం మాని బయటికి వదులుతోందని టవరు మీది యంత్రం చెప్పేసరికి, హేమలత చేతిలోని టీ గ్లాసు పెదవుల దాకా వెళ్ళకుండానే ఆగిపోయింది.

పట్టపగలు ఆకులు గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను తినాలి. కరువులో పైరు గాలి నుంచి ఏం తీసుకుంటోంది, గాలికి ఏం ఇస్తోంది అని తేల్చడానికే ముదిగుబ్బ దగ్గర సుంకమ్మ చేను మధ్యలో ఆమె ఆ టవరు నిలబెట్టింది. వాడిన పైరు తిండి తగ్గిస్తుందే కానీ, సూర్యుడు నెత్తిన ఉండగా ఇంతలా కక్కదు. పోనీ యంత్రం చెడిందా అంటే, ఉదయం, సాయంత్రం అంకెలు చక్కగానే ఉన్నాయి. ఎవరో దాని దగ్గర ఏదో చేస్తున్నారు.

ఊళ్ళోని అద్దెగదిలో కూర్చుని ఆమె పాత అంకెలన్నీ తిరగేసింది. ఒక్క శుక్రవారాల్లో మాత్రం చేను బుద్ధిగా ఉంది.

శుక్రవారం మధ్యాహ్నం సలీం నమాజుకు వెళ్తాడు. మిగతా రోజుల్లో టవరు కాపలా అతనిదే.

పిలిపించింది. "మధ్యాహ్నం పూట ఎక్కడికీ వెళ్ళవు కదా సలీం?"

"యాడికి పోతా మేడమ్? టవరు కాడే ఉంటా." ఆ మాట అంటున్నప్పుడు చూపు నేల మీద ఉంది.

"అక్కడ ఎవరైనా మంట పెట్టారా? ఇంజను ఏమైనా నడిపారా?"

"నడిపితే నాకు తెలీకుండా పోతాదా?"

ఆ జవాబే అతని మెడకు చుట్టుకుంది. సంగతి విన్న పై అధికారి ఫోన్లో ఒక్క మాటలో తేల్చేశాడు. "రేపు సాయంత్రానికల్లా వాణ్ణి తీసెయ్యి."

సలీం తల్లి మదీనాబీ పక్షవాతంతో మంచాన ఉంది. ఆ ఇంటికి ఈ ఉద్యోగం తప్ప మరో ఆధారం లేదు.

"కళ్ళారా చూశాక తీసేస్తాను సార్," అంది హేమలత.

మర్నాడు ఎండెక్కాక, అనంతపురం వెళ్ళొస్తానని అందరూ వినేలా చెప్పి జీపు ఎక్కింది. మలుపు తిరిగాక జీపు ఆపి, నడిచి వెనక్కి వచ్చి గుట్ట మీది గుండ్ల చాటున కూర్చుంది. రాయి కాలుతోంది. కింద సలీం టవరు పక్కన నిలబడి ఉన్నాడు.

ఎండ నడినెత్తికి రాగానే అతను నాలుగు దిక్కులా చూశాడు. సలీం టవరును ముట్టుకోలేదు. బైకు ఎక్కి ఊరివైపు వెళ్ళిపోయాడు.

మరి అబద్ధం ఎందుకు చెప్పినట్టు?

అంతలో పడమర దుమ్ము లేచింది. సుంకమ్మ తమ్ముడు తిప్పేస్వామి గొర్రెలు తోలుకొస్తున్నాడు. చేను పక్కన బీడులో రాత్రుళ్ళు మంద పెట్టడం మామూలే. పెంటికలు ఎరువవుతాయి. అందుకే అక్కడ పెంటికలు ఎన్ని కనబడినా ఎవరికీ అనుమానం రాలేదు.

కానీ పగలు మందేమిటి? అందునా చింతచెట్టు నీడ వదిలేసి?

తిప్పేస్వామి వంగి గుప్పెడు మట్టి తీసి, కొంచెం కొంచెంగా జారవిడిచాడు. దుమ్ము టవరు వైపు కొట్టుకుపోయింది. గాలివాటం చూసుకుని, మందను మరికాస్త పక్కకు జరిపి చేను కంచెకు ఆనించాడు. గొర్రెలన్నీ ఒకదాని కడుపు కింద ఒకటి తలలు దూర్చి రొప్పసాగాయి. పడమటి గాలి వాటి మీదుగా నేరుగా చేనులోకి వీస్తోంది.

మధ్యాహ్నాల్లో యంత్రం పట్టింది ఈ గొర్రెల ఊపిరినని హేమలతకు అర్థమైంది. గుండ్ల చాటు నుంచి లేచి గబగబా దిగింది.

"ఏమప్పా తిప్పేస్వామీ, నీడ వదిలి ఎండలో ఎందుకు పెట్టావు మందని?"

అతను ఉలిక్కిపడ్డాడు. "ఊరికే మేడమ్. గొర్రెలు గదా, యాడో ఒకచోట నిలబడతాయి."

"శుక్రవారం ఎందుకు నిలబడవు?"

"శుక్రవారం సంతకు పోతా గదా." అనేశాక నాలుక కరుచుకున్నాడు.

"సలీమే ఏదో చేస్తున్నాడని సాయంత్రం ఉద్యోగంలోంచి తీసేస్తున్నారు. నీకు తెలుసా?"

తిప్పేస్వామి చేతికర్ర కింద పెట్టి, తలగుడ్డ విప్పి ముఖం తుడుచుకున్నాడు.

"వాన్నేమీ అనొద్దండి మేడమ్. వాడు రోజూ ఈ పొద్దుకు వాళ్ళమ్మకు సంగటి తినిపిచ్చను పోతాడు. చెప్తే మీరు కోప్పడతారని దాచినాడు. వాడుంటే గొర్రెల్ని కంచె కాడికి రానీడు, అందుకే వాడు పోయినాక తోల్తాండా. అంతా నేనే చేసినా. బడికాడ మీటింగులో మీరే గదా చెప్పినారు, మనం ఇడిచిన గాలే చెట్టుకు కూడు అని. రాత్రి మంద పెడితే ఎరువైతాది, పగలు పెడితే గాలైతాది గదా అనుకొంటి. మా అక్క చేను ఎండిపోతాంటే చూస్తా ఎట్లుండేది? వానను నేను తేలేను, గాలన్నా పెడదామని తోల్తి. మీ మిషను చెడిపోతాదని నాకేం తెలుసు? సరే, తప్పే. ఒక్కటి మాత్రం చెప్పండి మేడమ్, అన్నీ చూసేది మీ మిషనే గదా. నా గొర్రెల గాలిలో చేను పిడికెడన్నా తినిందా, లేదా?"