ఆఖరి కుండీ

ఈ భయం ఎవరిది — ఆమెదా, నాదా?

గోటి సందున చామంతి చిగురు వాసన. పచ్చిగా, చేదుగా, మందులా.

డాబా మీద కుండీలన్నీ నా భార్యవి. ఈ ఏడు కుడిచెయ్యి పైకి లేపితే ఆమెకు చంకలో సలుపు. అందుకే తుంచే పని నాకు వచ్చింది. ఆమె మెట్టు మీద కూర్చుని చెబుతుంది. నేను తుంచుతాను.

"కత్తెర వద్దు, గోటితో. కొస ఒక్కటే... అబ్బ, బుగ్గ నిమురుతున్నట్టు కాదండీ, గిల్లండి!"

గిల్లాను.

అంత దూరం వెలుగు వైపు చాచుకున్న కొస... దాన్నే తీసెయ్యాలి. తీసేస్తే, కింద ఆకుల మొదట్లో నిద్రపోతున్నవి లేస్తాయి. ఒకటి పోయినచోట రెండు.

సత్యమే. మొక్కల సత్యం.

మనిషి మొక్క కాదు.

గడ్డ చిన్నదే, కానీ రొమ్ము తీసెయ్యక తప్పదన్నాడు డాక్టరు. ఆమె ఆ గదిలోనే తలూపింది. "ఇంకొకరిని అడుగుదాం" అన్నది నేను. అడిగాం. ఆయనదీ అదే మాట.

"మరొకరిని..." అన్నాను.

ఆ రోజుల్లోనే ఆఖరి కుండీని తుంచకుండా దాటేశాను. గోడవారన, ఆమె మెట్టు మీదికి కనిపించనిది. వేళ్ళు ముందుకు వెళ్ళలేదు.

ఒక్కటైనా నిండుగా ఉండనీ — అనుకున్నాను.

నిన్న గాలి వీచింది.

తుంచిన మొక్కలు గుబురుగా, కుదురుగా నిలిచాయి. ఆఖరిది మాత్రం నేల మీద. పొడుగ్గా, సన్నగా, నడుం విరిగి. కొసన విచ్చని మొగ్గ, ఒకే ఒక్కటి.

ఆమె వచ్చింది. దాన్ని చూసింది. నన్ను చూసింది.

"దీని మీద జాలిపడ్డారా?"

నేను కుండీ దగ్గరకు నడిచాను.

"మీ జాలి బంగారం కానూ!" నవ్వింది. "నాకైతే తీసినచోట రెండు మొలవవు లెండి. ఆ ఆశేం పెట్టుకోకండి."

నవ్వు సగంలో ఆగింది. ఎడమచెయ్యి కుడి చంక దగ్గరకు వెళ్ళి, అక్కడే ఉండిపోయింది.

"నాకూ భయమేనండీ. నాది నేను మోసుకుంటాను. మీదీ నేనే మొయ్యాలా?"

ఆకు కదలలేదు.

జాలి కాదు అది. నా భయానికి నేను తొడిగిన మంచి బట్ట.

వంగి, విరిగిన కాడను పట్టుకున్నాను. బతికున్న ఆకుకు కాస్త పైన గోరు ఆనించాను.

గిల్లాను.

మొలుస్తుందా... తెలియదు.

లేచి, జేబులోంచి ఫోను తీశాను. ఆసుపత్రి నంబరు నొక్కాను.

"ఆపరేషన్‌కి తేదీ కావాలండీ. అన్నిటికంటే ముందున్నది."

"లైన్‌లో ఉండండి, చూస్తాను."

ఆమె చీర కొంగుతో నా మోచేతి మట్టి తుడుస్తోంది.

చెవి దగ్గర నిశ్శబ్దం. ఫోను పట్టిన వేళ్ళ నుంచి చామంతి వాసన — పచ్చిగా, చేదుగా...